కొట్టకుండా, అరవకుండా క్లాసు నడుస్తుందా? బీఈడీ చదువుతున్న తమ్ముడికి ఒక లెక్కల టీచరు జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బీఈడీ రెండో సంవత్సరం. వచ్చే నెల నుంచి ఇంటర్న్‌షిప్, 16 వారాలు ఒక హైస్కూల్లో. వెళ్ళేముందు "నా బోధనా తత్వం, తరగతి నిర్వహణ" అని నాలుగు పేజీలు రాసి ఇమ్మన్నారు. శిశుకేంద్రిత విద్య, ప్రజాస్వామిక వాతావరణం అంటూ రాశావు గానీ చదువుకుంటే నీకే నమ్మకం కలగడం లేదన్నావు. పోయిన ఏడాది టీచింగ్ ప్రాక్టీసులో ఎనిమిదో తరగతి గోల చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉందన్నావు. స్ట్రిక్టుగా ఉండాలా, ఫ్రెండ్లీగా ఉండాలా, కొట్టకుండా క్లాసు కంట్రోల్ అవుతుందా అని అడిగావు.

నేను 24 ఏళ్ళుగా ప్రభుత్వ బడుల్లో పనిచేస్తున్నాను. మొదట నల్గొండ జిల్లాలో ఒక తండా బడిలో ఎస్జీటీగా (చిన్న తరగతుల టీచరుగా), తర్వాత హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా. నా చిన్న తమ్ముడి కంటే చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే పిలుస్తున్నాను.

ఒక పిల్లవాడు తప్పు జవాబు చెప్పాడనుకో. ఆ మరుక్షణం నువ్వు ఏం చేస్తావో అదే నీ బోధనా తత్వం. నాలుగు పేజీల్లో ఏం రాసినా క్లాసులో నలభై మందీ చూసేది ఆ ఒక్క క్షణాన్నే. తరగతి నిర్వహణ కూడా సగం అక్కడే తేలిపోతుంది. ఎందుకంటున్నానో చెబుతాను.

మూడో తరగతిలో 52 లోంచి 27 తీసెయ్యమంటే కనీసం అయిదారుగురు 35 అని వేస్తారు. నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఈ 35 కనబడింది. దాని మీద ఇంటూ కొట్టి "ఎన్నిసార్లు చెప్పాలి మీకు" అనడం తేలిక. నేనూ చాలా రోజులు అదే చేశాను. ఒకరోజు ఎందుకో ఒక పిల్లను టేబుల్ దగ్గరకు పిలిచి "ఎట్లా చేసినవో నాకు చెప్పు బిడ్డా" అన్నాను. "రెండుల నుంచి ఏడు పోదు కదా టీచర్, అందుకే ఏడుల నుంచి రెండు తీసిన. అయిదుల నుంచి రెండు తీసిన" అంది. ఏ తడబాటూ లేకుండా చెప్పింది. తను ఒక సూత్రం పెట్టుకుంది, పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని. ఆ సూత్రం ఎక్కడిది? రెండో తరగతిలో "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని చెప్పింది మేమే. నా మాటనే ఆ పిల్ల నమ్మకంగా పాటించింది. దానికి నేను ఎర్ర పెన్నుతో ఇంటూ కొడుతున్నాను.

మర్నాడు ఇంటి నుంచి చీపురు పుల్లలు పట్టుకెళ్ళాను. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ఆ పిల్ల చేతికిచ్చి "ఇందులో 27 నాకియ్యి" అన్నాను. రెండు కట్టలు ఇచ్చింది. ఇంకా ఏడు పుల్లలు ఇవ్వాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు చేతిలోవి చూసుకుంది. నన్ను అడగకుండానే ఒక కట్ట విప్పింది. పన్నెండు పుల్లలయ్యాయి, ఏడు ఇచ్చింది. మిగిలినవి రెండు కట్టలు, అయిదు పుల్లలు. "ఇరవై అయిదు" అని తనే చెప్పింది, ముందురోజు నోట్‌బుక్ తెరిచి 35ను తనే కొట్టేసుకుంది. అప్పటి నుంచి తీసివేతలో "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అనే మాట నేను వాడటం లేదు. తిరిగి ఇవ్వని అప్పు ఏమి అప్పు అని ఏ పిల్లవాడైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు. "కట్ట విప్పు" అంటాను. పిల్లలు చేతులతో చేసిన పనికి అదే పేరు.

నూట అయిదు రాయమంటే 1005 అని రాసే పిల్లలను కూడా చూస్తావు. నూట అంటే 100, పక్కన 5, వాళ్ళు విన్నది విన్నట్టే రాశారు. నువ్వు చెప్పబోయే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కూడా ఇంతే. 1/2, 1/3 కలిపితే 2/5 అని రాసేవాడు పైవి పైవి, కిందవి కిందవి కలిపాడు. అతని దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి ఏమిటో తెలిస్తేనే రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో నీకు తెలుస్తుంది. అర కంటే 2/5 చిన్నది, మరి అరకు ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని అడిగి చూడు. క్లాసంతా ఒక్కసారి ఆగి ఆలోచిస్తుంది.

ఇక కొట్టడం గురించి. నేను కొట్టాను. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం నా టేబుల్ మీద చెక్క స్కేలు ఉండేది. మేము చదువుకున్నప్పుడు గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం అన్నీ మామూలు. వాటితోనే మేము బాగుపడ్డాం అనుకునేదాన్ని. నాలుగో తరగతిలో హోంవర్కు తప్పు చేసినవాళ్ళకు ఒక్కో తప్పుకు అరచేతిలో ఒక దెబ్బ అని పెట్టాను. పది రోజుల్లో క్లాసు నిశ్శబ్దమైపోయింది. హోంవర్కులో తప్పులు పోయాయి. చాలా సంతోషపడ్డాను, మా హెచ్ఎంకు నోట్‌బుక్‌లు తీసుకెళ్ళి చూపించాను కూడా.

దసరా సెలవులు అయిపోయాక ఒకరోజు గుణకారం లెక్కలు దిద్దుతుంటే 31 నోట్‌బుక్‌లలో ఒకే లెక్కకు ఒకే తప్పు జవాబు ఉంది. ఒకే చోట, ఒకే అంకె తేడా. క్లాసులో లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడు ఒకడుండేవాడు. ఆ రోజు వాడు తప్పు వేశాడు. మూడు నెలలుగా పొద్దున్నే బడి గోడ పక్కన కూర్చుని అందరూ వాడిది చూసి రాసుకుంటున్నారు. ఆ మూడు నెలల్లో నా క్లాసులో ఎవరికి ఏం వచ్చో, ఏం రాదో నాకు ఒక్క ముక్క తెలియదు. దెబ్బతో తప్పులు పోలేదు, నాకు కనబడకుండా దాక్కున్నాయి. ఆ పిల్లల్లో కొందరు భాగహారం రాకుండానే అయిదో తరగతికి వెళ్ళిపోయారు. ఇది నా వల్ల జరిగింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చట్టం సంగతి నీకు తెలిసే ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 ప్రకారం పిల్లలను శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు. చాలామంది మొదటి సగమే గుర్తుపెట్టుకుంటారు. "నీ మొహానికి చదువెందుకు, బర్లు కాసుకో పో" అనడం, మార్కులు చదువుతూ అందరి ముందు నవ్వించడం, ఇంటి పరిస్థితినీ కులాన్నీ ఎత్తిచూపడం, ఇవీ తప్పే. అదే చట్టంలో సెక్షన్ 29 పిల్లలు భయం, ఆందోళన లేకుండా తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పగలిగేలా చదువు ఉండాలంటుంది. పరీక్ష కోసం చదివి వదిలెయ్యకు. నీ నాలుగు పేజీలకు అంతకంటే గట్టి పునాది దొరకదు. అయితే ఒక మాట. చట్టానికి భయపడి మాత్రమే బెత్తం పక్కన పెట్టిన టీచరు నోటితో కొట్టడం మొదలుపెడతారు. బెత్తం ఎందుకు పనిచేయదో నీకు నీకుగా అర్థం కావాలి.

కొట్టకపోతే మరి ఆ గోల ఎలా ఆగుతుంది అంటావు. ముందు ఏ గోల అనేది చూడు. నలుగురు పిల్లలు ఒక లెక్క మీద వాదించుకుంటుంటే వచ్చే చప్పుడు పాఠంలో భాగం, దాన్ని ఆపితే నష్టం నీకే. ఇంకొకటి, చేతిలో పని లేనప్పుడు వచ్చే గోల. ఎనిమిదో తరగతిలో నువ్వు చూసింది ఇదే అయివుంటుంది. అది ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకో. నువ్వు వెనక్కి తిరిగి బోర్డు మీద నాలుగు నిమిషాలు రాస్తున్నప్పుడా? హాజరు పిలుస్తున్నప్పుడా? ఒక పిల్లవాడి నోట్‌బుక్ దిద్దుతుంటే మిగతావాళ్ళు లైనులో నిలబడ్డప్పుడా? ముందే లెక్క అయిపోయిన పదిమంది ఖాళీగా కూర్చున్నప్పుడా?

అమెరికాలో జేకబ్ కౌనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తరగతి గదులను వీడియో తీసి పరిశీలించారు, 1970లో ఆ పని పుస్తకంగా వచ్చింది. అల్లరి జరిగాక టీచరు ఎలా మందలించారనే దాంట్లో, క్లాసు బాగా నడిపేవాళ్ళకూ నడపలేనివాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా ఆయనకు కనబడలేదు. తేడా అంతా అల్లరికి ముందే ఉంది. బాగా నడిపేవాళ్ళకు గదిలో ఏ మూల ఏం జరుగుతోందో తెలుస్తుంటుంది, ఆ సంగతి పిల్లలకూ తెలుసు. ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు మధ్యలో ఖాళీ రానివ్వరు. ఇది చదివినప్పుడు నాకు చాలా ఊరటగా అనిపించింది. గొంతు పెంచడం రానంత మాత్రాన చెడ్డ టీచర్ని కానన్న మాట.

కాబట్టి నీ లెసన్ ప్లాన్‌లో లక్ష్యాలు, బోధనాభ్యసన సామగ్రి, మూల్యాంకనం అన్న గడుల పక్కన ఇంకో గడి నీకోసం గీసుకో. "ఈ అయిదు నిమిషాల్లో పిల్లల చేతిలో ఏముంది?" అని. నేను బెల్లు కొట్టేలోపే బోర్డు మీద ఒక లెక్క రాసి పెడతాను. పిల్లలు అది చేస్తుంటే హాజరు వేసుకుంటాను. బోర్డు మూలన ఎప్పుడూ రెండు కష్టమైన లెక్కలు ఉంటాయి, ముందే అయిపోయినవాళ్ళు వాటి మీద పడతారు. రాసేటప్పుడు పక్కకు తిరిగి రాయడం అలవాటు చేసుకున్నాను, సగం ముఖం క్లాసు వైపే ఉంటుంది. నోట్‌బుక్‌లు వరసల్లో చేతులు మారి నా దగ్గరకు వస్తాయి, ఎవరూ లేవరు. వీటిని మొదటి రెండు వారాలు పాఠంలాగే నేర్పించు. సిలబస్ రెండు పీరియడ్లు వెనకబడినా పర్వాలేదు, ఆ తర్వాత ఏడాదంతా సమయం మిగులుతుంది.

దయచేసి ఒక్క పని మాత్రం చెయ్యకు. నువ్వు బయటికి వెళ్ళేటప్పుడు క్లాస్ లీడర్‌ని నిలబెట్టి "మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయి" అనకు. లీడర్ స్నేహితుల పేర్లు ఆ బోర్డు మీదకు ఎక్కవు. ఎవరికి పలుకుబడి లేదో, ఎవరు ఒంటరివాళ్ళో వాళ్ళ పేర్లే ఎక్కుతాయి. చాడీ చెప్పడానికి, పగ తీర్చుకోవడానికి మనమే చాక్‌పీసు ఇచ్చినట్టు అవుతుంది.

స్ట్రిక్టా, ఫ్రెండ్లీనా అన్న ప్రశ్నకు వస్తాను. సోమవారం నవ్వుతూ వదిలేసిన దానికే గురువారం తలనొప్పిగా ఉందని అరిచే టీచరు దగ్గర పిల్లలు చాలా అవస్థ పడతారు. అలాంటి క్లాసులో పిల్లల తెలివంతా ఈరోజు మేడం మూడ్ ఎలా ఉందో కనిపెట్టడానికే ఖర్చయిపోతుంది. మూడే మూడు నియమాలు పెట్టుకో, అవి ఫస్ట్ ర్యాంకు పిల్లకూ చివరి బెంచీ పిల్లవాడికీ ఒకేలా ఉండాలి. నా మూడు ఇవి: ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వింటారు; ఎవరి తప్పుకూ ఎవరూ నవ్వరు; పుస్తకం తేకపోతే పీరియడ్ మొదట్లోనే వచ్చి చెప్పాలి. రెండోది నాకు ప్రాణం. ఎవరైనా నవ్వితే ఆ పీరియడ్‌లో పాఠం ఆపి దాని గురించే మాట్లాడతాను.

నీకు 22, 23 ఏళ్ళుంటాయి, పదో తరగతి పిల్లలకు 15. వాళ్ళు నిన్ను అన్నలా చూడాలనుకుంటారు. ఆప్యాయంగా ఉండు, కానీ ఫోన్ నంబరు ఇవ్వకు, విడిగా మెసేజీలు పెట్టకు, పిల్లలతో కలిసి ఇంకో టీచరును వెక్కిరించకు. ఎవరినైనా మందలించాలంటే అందరి ముందు కాకుండా పీరియడ్ అయ్యాక వరండాలో మాట్లాడు, గది తలుపు తెరిచే ఉంచు. అందరి ముందు మందలిస్తే ఆ కుర్రాడు తోటివాళ్ళ ముందు పరువు కాపాడుకోవడానికి తిరగబడక తప్పదు.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో గమనించింది ఏమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. ఇంత చిన్న మార్పు, పైసా ఖర్చు లేదు. నేను ప్రశ్న అడిగి మనసులో అయిదు వరకు లెక్కపెట్టుకుంటాను. ముందు ప్రశ్న, తర్వాత ఆగడం, ఆ తర్వాతే పేరు. పేరు ముందే పిలిస్తే మిగతా 39 మంది హాయిగా ఆలోచించడం మానేస్తారు.

ఇప్పుడు తండా సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. నేను చేరిన కొత్తలో ఒకటో తరగతి పిల్లలు నా ముఖం చూస్తూ కూర్చునేవాళ్ళు, నోరు విప్పేవాళ్ళు కాదు. మొద్దు పిల్లలు అనుకున్నాను. ఇంట్లో వాళ్ళది లంబాడీ భాష, నా తెలుగు వాళ్ళకు అరకొరగానే అర్థమవుతోంది. మా వంటామె దగ్గర కూర్చుని రోజుకు నాలుగు మాటలు నేర్చుకున్నాను. అమ్మను యాడి అంటారు, నీళ్ళను పాణి అంటారు. నేను తప్పుగా పలికితే పిల్లలు సరిదిద్దేవాళ్ళు. టీచరే తప్పు పలికి, తమ దగ్గర దిద్దించుకుంటోందని చూశాక వాళ్ళకు నా ముందు తప్పు పలకడానికి జంకు పోయింది. గిడుగు రామమూర్తి గారిని మనం వ్యావహారిక భాషా ఉద్యమం దగ్గరే గుర్తుచేసుకుంటాం. కానీ అంతకుముందే పర్లాకిమిడిలో ఉండగా ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం ఆ భాషలో వాచకాలు రాసి, బడులు పెట్టించారు. నా దృష్టిలో ఆయన బోధనా తత్వం ఆ పనిలోనే ఉంది. నీ బడిలో వేరే భాష పిల్లలు లేకపోవచ్చు. అయినా ఇంట్లో "వస్తున్న, పోతున్న" అనే పిల్లను "సరిగ్గా మాట్లాడు" అని అందరి ముందు ఆపితే ఆ పిల్ల మళ్ళీ చెయ్యెత్తదు.

హైస్కూల్లో నీకు ఎదురయ్యే పెద్ద కష్టం ఇంకొకటి. ఎనిమిదో తరగతిలో బీజగణితం చెప్పాలి, కూర్చున్నవాళ్ళలో కొందరికి భాగహారం రాదు. మా వైపు పత్తి ఏరే రోజుల్లో వారాల తరబడి బడికి రాని పిల్లలుంటారు, వచ్చేసరికి రెండు పాఠాలు అయిపోయి ఉంటాయి. "రానివాళ్ళు వెనక కూర్చోండి" అంటే అల్లరి అక్కడే పుడుతుంది. అర్థం కాని పాఠం ముందు 45 నిమిషాలు కదలకుండా కూర్చోవడం పెద్దవాళ్ళ వల్ల కూడా కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేర్చారు. ప్రతి పిల్లా తానున్న మెట్టు నుంచి పైకి ఎక్కుతుంది, నాలుగు రోజులు రాకపోతే ఆగిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెడుతుంది. నేను దాని నుంచి నేర్చుకుని పాత అట్టముక్కల మీద భాగహారం, భిన్నాలు మెట్లుమెట్లుగా రాసుకున్నాను. ఒక అట్టపెట్టెలో పట్టేస్తాయి. వారంలో రెండు పీరియడ్లు అందరూ కార్డుల మీద ఉంటారు, నేను నలుగురైదుగురి పక్కన కూర్చుంటాను. ఆ రెండు పీరియడ్లే నాకు వారం మొత్తంలో ఇష్టమైనవి.

నీ నాలుగు పేజీల విషయం. శిశుకేంద్రిత అనే మాటను కొట్టెయ్యనక్కర్లేదు. ఆ మాట రాసిన ప్రతిచోటా పక్కన "సోమవారం మూడో పీరియడ్‌లో అయితే" అని మొదలుపెట్టి ఇంకో వాక్యం రాయి. రాయలేకపోతే ఆ మాట తీసెయ్. నీకు చదువు చెప్పినవాళ్ళలో ఎవరి పీరియడ్‌లో నువ్వు ధైర్యంగా చెయ్యెత్తావో, ఎవరి పీరియడ్‌లో బల్ల కింద దాక్కోవాలనిపించిందో రాయి, పేర్లు వద్దు. వాళ్ళు సరిగ్గా ఏం చేశారో, ఏ మాట అన్నారో గుర్తు తెచ్చుకుని రాయి. టీచింగ్ ప్రాక్టీసులో ఆ ఎనిమిదో తరగతి గోల కూడా రాయి, దాచకు. అది ఏ నిమిషంలో మొదలైంది, అప్పుడు పిల్లల చేతిలో ఏముంది, ఇప్పుడైతే ఏం మారుస్తావు. మీ లెక్చరర్ మార్కులు ఎలా వేసినా, ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారం నీకు పనికొచ్చేది ఆ పేజీయే.

ఆ కాగితాల మీద తేదీ వేసి దాచుకో. 16 వారాలయ్యాక మళ్ళీ తీసి ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో మార్జిన్‌లో రాసుకో.

నీకు ఏ తరగతి, ఏ పాఠం ఇచ్చారో తెలిశాక చెప్పు. ఏడో తరగతి భిన్నాలైతే కాగితం మడతలతో మొదలుపెట్టడం ఎలాగో, ఎనిమిదిలో ఏకచరరాశి సమీకరణాలైతే తక్కెడతో ఎలా చెప్పవచ్చో, పిల్లలు ఎక్కడెక్కడ తప్పులు చేస్తారో నా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నవి ఉన్నాయి, అన్నీ ఇస్తాను.